గుద్దినోడు హాయిగా పోతాడు, తిరగాల్సింది మాత్రం బండి ఓనరేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ సిటీ పేజీ నేను రోజూ చదువుతా. హెల్మెట్ లేదని ఇన్ని చలాన్లు, ట్రిపుల్ రైడింగ్‌కి ఇన్ని, డ్రంకెన్ డ్రైవ్‌లో ఇంతమంది దొరికారు అని వారం వారం లెక్కలు వేస్తారు, మంచిదే, వెయ్యాలి కూడా. కానీ ఈ సిటీలో గల్లీ గల్లీలో జరిగేది, ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ గొడవయ్యేది ఇంకోటుంది, దాని ఊసు మాత్రం ఎక్కడా కనపడదు. ఆపి ఉన్న బండిని ఎవడో గుద్దేసి, దిగి చూసుకుని, చుట్టూ ఎవరూ లేరు కదా అని చల్లగా వెళ్ళిపోవడం. పొద్దున్నే ఆఫీసుకో స్కూలుకో బయల్దేరి కిందకి వచ్చి చూస్తే డోర్‌కి సొట్ట, లేదంటే వెనక లైటు పగిలి రోడ్డు మీద ఎర్ర ముక్కలు. ఇక ఆ రోజంతా అదే. ఎవరికి చెప్పాలి అని అడిగితే మాత్రం నూటికి తొంభై మంది "వదిలెయ్ అమ్మా, దిష్టి పోయిందనుకో" అంటారు.

నాకు ఆ మాట నచ్చక ఈ ఉత్తరం రాస్తున్నా.

హిట్ అండ్ రన్ అనగానే మనకి మనిషి చనిపోయిన కేసులే గుర్తొస్తాయి, సహజమే. ఐపీసీ బదులు తెచ్చిన కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో, మనిషిని గుద్ది చంపి చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలు అని పెట్టినందుకు 2024 జనవరి మొదట్లో లారీల వాళ్ళు, ట్యాంకర్ల వాళ్ళు సమ్మె చేస్తే మన దగ్గర పెట్రోల్ బంకుల ముందు ఎంతెంత లైన్లు ఉన్నాయో అందరికీ గుర్తే, చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ అబ్బాయి పెట్రోల్ దొరక్క గుర్రం ఎక్కి ఆర్డర్ ఇవ్వడానికి పోయిన వీడియో దేశమంతా చూసి నవ్వుకుంది. ఆ సెక్షన్ అయితే 2024 జులై 1న మిగతా చట్టంతో పాటు అమల్లోకి రాలేదు, పక్కన పెట్టారు. అప్పుడు టీవీల్లో అంత చర్చ జరిగినా, మనిషికి ఏం కాకుండా బండికి మాత్రమే దెబ్బ తగిలితే గుద్దినవాడి డ్యూటీ ఏంటి అని ఒక్కరు అడిగినట్టు నాకు గుర్తు లేదు. గుద్ది పారిపోయిన కేసుల్లో గవర్నమెంట్ ఇచ్చే పరిహారం కూడా చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయమైతే 50 వేలు, అది మనుషులకే. బండికి రూపాయి లేదు, ఉండాలని నేను అనట్లేదు కూడా.

నేను అంటున్నది చట్టంలో ఆల్రెడీ ఉన్న సంగతి. మోటార్ వెహికల్స్ యాక్ట్ 1988లో 134వ సెక్షన్ ఒకటుంది. మనిషికి దెబ్బ తగిలినా, వేరేవాళ్ళ ఆస్తి డ్యామేజ్ అయినా, ఆ బండి డ్రైవర్ అక్కడ పోలీసు ఉంటే ఆయనకి, లేకపోతే దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి పోయి జరిగింది చెప్పాలి, వీలైనంత తొందరగా, ఎట్లా చూసినా 24 గంటల్లోపు. తన ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా చెప్పాలి. 132వ సెక్షన్ అయితే యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపమంటే బండి ఆపాలి, నష్టపోయిన వాళ్ళు అడిగితే పేరు, అడ్రస్ ఇవ్వాలి అంటుంది. ఇవన్నీ చెయ్యకపోతే 187 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదంటే 5,000 ఫైన్, లేదంటే రెండూ. 2019కి ముందు ఆ ఫైన్ 500 ఉండేది, సవరణలో పెంచారు. అంటే చెప్పాల్సిన బాధ్యత గుద్దినవాడిది. మనం ఏమో ఉల్టా చేశాం, సొట్ట పడినవాళ్ళు ఊరంతా తిరిగి ఎవరు గుద్దారో కనిపెట్టుకోవాలి, గుద్దినవాడు మాత్రం ఇంటికి పోయి పడుకోవచ్చు.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు, అక్కడ ఆపి ఉన్న కారుకి తగిలిస్తే అద్దం మీద పేరు, అడ్రస్ రాసిన కాగితం పెట్టి పోలీసులకి చెప్పాలత్తయ్యా, లేకపోతే కేసే అని గొప్పగా చెప్తుంటే, మన దగ్గర కూడా అట్లాంటిదే ఉందిరా బాబూ 1988 నుంచి, పాటించేవాడే లేడు అన్నా. నమ్మలేదు, సెక్షన్ ఫొటో తీసి పంపిస్తే గానీ.

ఇక మాకు జరిగింది చెప్తాను. మాది పాత అపార్ట్‌మెంట్, ఇళ్ళు ఎక్కువ, కింద పార్కింగ్ తక్కువ, లేటుగా కారు కొనుక్కున్న మాలాంటి వాళ్ళం కాంపౌండ్ గోడకి ఆనించి బయటే పెట్టుకుంటాం. సందు చివర ఒక ఫంక్షన్ హాల్ ఉంది. ముహూర్తాలు ఉన్నాయంటే మా సందు సంగతి అడక్కండి, బరాత్ బ్యాండు, జనరేటర్ బండి, క్యాటరింగ్ వాళ్ళ ఆటోలు, చుట్టాల కార్లు, అటు దూరి ఇటు దూరి అర్ధరాత్రి దాకా అంతే. అట్లాంటి ఒక పెళ్ళి తెల్లారి మా ఆయన కిందకి పోయి పైకి ఫోన్ చేశారు, ఒకసారి దిగిరా అని. గొంతు విని నాకు అర్థమైపోయింది. వెనక బంపర్ ఒక పక్క ఊడి వేలాడుతోంది, లైటు లేదు, డోర్ మీద బెత్తెడు మేర తెల్ల పెయింట్ అంటుకుని ఉంది. మాది బూడిద రంగు కారు.

ఎదురుగా కిరాణా షాపుకి కెమెరా ఉంది. షాపు ఆయన మంచివాడు, రండి చూసుకోండి అన్నాడు, కానీ ఆ డీవీఆర్‌లో టైమ్ ఎప్పుడు తప్పిందో ఏమో మూడు గంటలు ముందుకు ఉంది, కరెంటు పోయొచ్చినప్పుడల్లా అట్లాగే అయితదట. ఆ అబ్బాయి మౌస్ పట్టుకుని వెనక్కీ ముందుకీ జరుపుతూ జరుపుతూ చివరికి దొరికింది. తెల్ల పెద్ద బండి, రివర్స్ తీసుకుంటూ ఒక్కసారిగా మా కారుకి ఆనింది, మా కారు ఊగింది కూడా కనపడుతుంది. ఒకతను దిగాడు, పెళ్ళికి వచ్చినట్టు మంచి కుర్తా వేసుకున్నాడు. వెనక్కి వచ్చాడు, ముందు తన బంపర్ చూసుకున్నాడు, జేబులోంచి కర్చీఫ్ తీసి మా పెయింట్ అంటిన చోట తుడుచుకున్నాడు, బాగా తుడిచాడు, అప్పుడు మా కారు వైపు చూశాడు. ఊడిన బంపర్‌ని కాలితో కొంచెం లోపలికి నెట్టాడు. అటూ ఇటూ చూసి ఎక్కి వెళ్ళిపోయాడు. నంబర్ చూద్దామంటే హెడ్‌లైట్ల వెలుగుకి ప్లేట్ అంతా తెల్లగా మెరిసిపోయింది, చివరి రెండు అంకెలే తెలుస్తున్నాయి, ముందు టీఎస్ ఉందో టీజీ ఉందో కూడా తెలీట్లేదు. నాకు సొట్ట మీద కంటే ఆ కర్చీఫ్ మీద ఎక్కువ కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడ ఇంకో మనిషి కూడా ఫ్రేమ్‌లో ఉన్నాడు. పక్క బిల్డింగ్ వాచ్‌మన్, కుర్చీలో కూర్చుని మొత్తం చూస్తూనే ఉన్నాడు. పోయి అడిగితే ముందు నిద్రపోయానమ్మా అన్నాడు, ఫుటేజ్‌లో కనపడుతున్నావయ్యా అంటే తల గోక్కుని "ఎందుకమ్మా నాకు ఈ లొల్లి, రేపు పోలీసులు పిలిస్తే డ్యూటీ వదిలి నేను పోవాలె, ఓనర్ సార్ జీతం కోస్తడు, ఆ బండోళ్ళు చూస్తే పెద్దోళ్ళ లెక్క ఉన్నరు" అన్నాడు. నేను ఆయన్ని తప్పు పట్టను. మనం అందరం వాచ్‌మన్ సాక్ష్యం చెప్పాలి అంటాం గానీ సాక్ష్యం చెప్పినందుకు ఆ రోజు కూలీ ఎవరిస్తారు? కాసేపటికి ఆయనే గేటు దాకా వచ్చి, ఆ బండి ఫంక్షన్ హాల్ లోపల్నుంచే వచ్చింది అమ్మా, నేను చెప్పినట్టు చెప్పకు అని చెప్పి పోయాడు.

ఫంక్షన్ హాల్‌కి పోయాం. వాళ్ళ గేటు దగ్గర పెద్ద కెమెరా, నంబర్ ప్లేట్లు చదివేంత మంచిది ఉంది. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు, కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించాడు, కానీ ఫుటేజ్ మీకు చూపించలేము మేడమ్, పెళ్ళివాళ్ళ ప్రైవసీ, పోలీసులు అడిగితే ఇస్తాం అన్నాడు. సరే అని స్టేషన్‌కి పోతే, అక్కడ ఉన్నాయన కంప్లైంట్ కాగితం తీసుకుని చదివి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా, ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి, నంబర్ ఉంటే చెప్పండి పిలిపిస్తాం అన్నాడు. నంబర్ ఫంక్షన్ హాల్ కెమెరాలో ఉంటుంది సార్ అంటే ఆ ఫుటేజ్ తెచ్చుకోండి అన్నాడు. వాళ్ళు మీరు అడిగితే ఇస్తాం అంటున్నారు సార్. అట్లనా, చూద్దాం, ఫోన్ చేస్తం. ఫోన్ రాలేదు. మళ్ళీ పోతే బందోబస్తు, ఇంకోసారి పోతే ఆ కాగితం తీసుకున్నాయన డ్యూటీలో లేడు.

పోలీసుల మీద పడి ఏడవడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకి వినాయక చవితి నుంచి వీఐపీ మూవ్‌మెంట్ దాకా ఎన్ని పనులో తెలుసు. అసలు చట్టమే కొంచెం తికమకగా ఉంది. నాకు తెలిసిన లాయర్ గారు చెప్పింది ఏంటంటే, 187 కింద నేరానికి శిక్ష తక్కువ కాబట్టి అది నాన్ కాగ్నిజబుల్, కోర్టు ఆర్డర్ లేకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు చెయ్యలేరు, రాష్ డ్రైవింగ్ సెక్షన్ ఒకటి, ఆ కొత్త న్యాయ సంహితలో 281, అది కాగ్నిజబుల్ కానీ పబ్లిక్ రోడ్డు మీద మనుషులకి ప్రమాదం అయ్యేట్టు నడిపితేనే పెడతారు, సెల్లార్‌లో రివర్స్ తీస్తూ గుద్దితే అది అంత ఈజీగా అతకదు. కానీ నాన్ కాగ్నిజబుల్ అయినా సరే, చెప్పింది స్టేషన్ పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేట్ దగ్గరికి పొమ్మని చెప్పాలి, అది పోలీసులు, కోర్టులు ఎట్లా పని చెయ్యాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 174వ సెక్షన్. అంటే కనీసం ఎంట్రీ నంబర్ ఒకటి చేతికి రావాలి. అది అడిగి తీసుకోవాలని మనలో ఎంతమందికి తెలుసు? అడిగితే ఇచ్చేంత తీరిక అక్కడ ఎంతమందికి ఉంది?

ఇక "ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి" అనే మాట. అందరూ అనేది ఇదే, అదేదో ఫ్రీగా వచ్చినట్టు. నేను కాలేజీలో కామర్స్ చెప్తాను కాబట్టి లెక్క వేసి చూశాను, చదివేవాళ్ళు కూడా వేసుకోండి. ఐదేళ్ళు క్లెయిమ్ చెయ్యకపోతే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం వస్తుంది, సొంత డ్యామేజ్ ప్రీమియం, అంటే మన బండికి తగిలిన దెబ్బ కోసం కట్టే భాగం, 10,000 అనుకుంటే మనం కట్టేది 5,000. ఇప్పుడు ఎవడో గుద్దినందుకు మనం క్లెయిమ్ పెట్టామనుకోండి, ఆ బోనస్ సున్నాకి పడిపోతుంది. వచ్చే ఏడాది 10,000 మొత్తం కట్టాలి, ఆ తర్వాత బోనస్ మళ్ళీ 20, 25, 35, 45 అని ఒక్కో మెట్టు ఎక్కుకుంటూ రావాలి, కాబట్టి 8,000, 7,500, 6,500, 5,500, అప్పటికి గానీ మళ్ళీ 5,000కి రాము. ఎక్స్‌ట్రాగా కట్టింది కూడితే 12,500. కారు పాతదయ్యేకొద్దీ ప్రీమియం కొంచెం తగ్గుతుంది, ఆ తేడా ఉంటుంది, అయినా లెక్క ఎటు పోతుందో అర్థమవుతుంది కదా. దీని పైన కంపల్సరీ డిడక్టబుల్ చిన్న కార్లకి 1,000, పెద్ద ఇంజన్ అయితే 2,000 మన జేబులోంచి. జీరో డిప్, అంటే పార్టులకి తరుగు కొయ్యకుండా ఇచ్చే యాడ్ ఆన్, తీసుకోకపోతే బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దాని ఖరీదులో సగమే ఇస్తారు. బోనస్ ప్రొటెక్షన్ అని ఇంకో యాడ్ ఆన్ ఉంటుంది, దానికి ఇంకా కట్టాలి. టూ వీలర్లు చాలావాటికి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్, ఒక్కటే ఉంటుంది, వాటిని ఎవడైనా పడేసి పోతే అసలు ఏమీ రాదు. షెడ్డులో టింకరింగ్, పెయింటింగ్, లైటు అన్నీ కలిపి ఆయన చెప్పింది 12,500 లోపే. ఇంకెవడు క్లెయిమ్ పెడతాడు? జేబులోంచే కట్టాం. చలాన్లకైతే 2023 డిసెంబర్‌లో టూ వీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం డిస్కౌంట్ ఇచ్చింది గవర్నమెంట్, మాకు షెడ్డు ఆయన బతిమాలగా బతిమాలగా ఐదొందలు తగ్గించాడు.

క్లెయిమ్ ఫారం మాత్రం తెప్పించి చూశాను. అందులో ప్రమాదం జరిగినప్పుడు డ్రైవర్ పేరు, లైసెన్స్ నంబర్, ఎంత స్పీడులో పోతున్నారు అని ఉంది. ఆగి ఉన్న కారుకి స్పీడేంటి స్వామీ. ఫోన్ చేసి అడిగితే పార్క్‌డ్ అని రాసి ఓనర్ లైసెన్స్ పెట్టెయ్యండి మేడమ్ అందరూ అట్లాగే పెడతారు అని ఆ అమ్మాయి చెప్పింది.

అసలు విచిత్రం ఏంటంటే ఆ కుర్తా ఆయన చెప్పి ఉంటే ఆయనకి పోయేది కూడా పెద్దగా లేదు. రోడ్డు మీద తిరిగే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కంపల్సరీ, కారు పాలసీలో వేరేవాళ్ళ ఆస్తికి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. నో క్లెయిమ్ బోనస్ అనేది సొంత డ్యామేజ్‌కి సంబంధించింది, థర్డ్ పార్టీ క్లెయిమ్ వల్ల అది పోదు. డబ్బు ఆయనది కాదు, బోనస్ పోదు, అయినా పారిపోయాడు. ఎందుకంటే ఆ థర్డ్ పార్టీ డబ్బు రావాలంటే ఎఫ్ఐఆర్, ఆ తర్వాత యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్, లాయరు, వాయిదాలు. మనిషి పోయిన కుటుంబాలే ఏళ్ళ తరబడి తిరిగే చోటికి బంపర్ పట్టుకుని ఎవరు పోతారు? నాకే సిగ్గేస్తుంది. అందుకని చట్ట ప్రకారం ఉన్న దారి ఎవరూ నడవని దారి అయిపోయింది, అది గుద్దేవాళ్ళకి బాగా తెలుసు.

ఇది రాస్తుంటేనే మా ఆయన అన్నారు, రోడ్డు మీద కారు ఎందుకు పెట్టారు అని నిన్నే తిడతారు చూడు అని. తిట్టండి. నో పార్కింగ్‌లో పెడితే ఫైన్ వెయ్యండి, లాక్ చెయ్యండి, తీసుకుపోండి, కడతాం. కానీ తప్పు చోట పెట్టిన బండిని గుద్ది పోవచ్చు అని ఎక్కడా రాసి లేదు కదా. అయినా పద్ధతిగా లోపల పెట్టుకున్న వాళ్ళకి తప్పుతుందా? సెల్లార్‌లో స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండు కార్లు, పక్కింటి వాళ్ళ అబ్బాయి కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటుంటాడు, అంతే. ఎండాకాలం వచ్చిందంటే వాటర్ ట్యాంకర్లు ఇంకో కథ, ఇరుకు సందులోకి రివర్స్‌లో వస్తాయి, క్లీనర్ ఉండడు, ఉన్నా ఫోన్‌లో ఉంటాడు, ట్యాంకర్ వెనక నంబర్ ప్లేట్ ఉంటే అది బురదలో కప్పిపోయి ఉంటుంది. షోరూమ్ నుంచి కొత్తగా దిగి ఇంకా పర్మనెంట్ నంబర్ రాని బండ్లు, గంటల లెక్కన అద్దెకి తీసుకునే సెల్ఫ్ డ్రైవ్ కార్లు, చలాన్ పడకుండా ప్లేట్ వంచేసుకున్న బైకులు, వీటిలో ఎవడు గుద్దినా ఫుటేజ్ ఉండి కూడా లాభం లేదు.

అట్లాగని అందరూ అదే టైపు కాదు. మా పక్క వీధిలో ఒక ఆటో ఆయన టర్నింగ్‌లో టీచర్ గారి కారు అద్దం విరగ్గొట్టి, ఏ ఇంటిదో తెలీక బెల్లు కొట్టుకుంటూ నాలుగు ఇళ్ళు తిరిగి చివరికి వాళ్ళని పట్టుకుని, అన్నా ఇప్పుడు ఐదొందలే ఉన్నయి, మిగతాది రేపు ఇస్తా అన్నాడు. ఆయన రేపు రాలేదు, రెండు రోజులు ఆగి వచ్చి ఇచ్చిపోయాడు. ఆయనకి 134వ సెక్షన్ తెలుసని నేను అనుకోను.

మరి ఏం చెయ్యాలి అంటే, నేనేం పెద్ద పెద్దవి అడగట్లేదు. ఇప్పుడు ఫోన్ పోతే సీఈఐఆర్ పోర్టల్‌లో మనమే వివరాలు పెడతాం, బ్లాక్ అవుతుంది, మన తెలంగాణ పోలీసులు అట్లా వేల ఫోన్లు వెతికి వెనక్కి ఇచ్చారు, దేశంలోనే మంచి పేరు తెచ్చుకున్నారు. పోలీసుల హాక్ ఐ యాప్‌లో రాంగ్ రూట్‌లో వచ్చేవాడి ఫొటో మనం పెట్టొచ్చు. దానిలోనే పార్క్ చేసిన బండి డ్యామేజ్ అని ఒక ఆప్షన్ పెట్టి, చోటు, టైమ్, ఫొటోలు, నంబర్ తెలిస్తే నంబర్, తెలియకపోతే దగ్గర్లో ఏ కెమెరా ఉందో రాసేట్టు చేసి, చివర్లో ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకునే రసీదు ఒకటి వచ్చేట్టు చేస్తే చాలు. గుద్దినవాళ్ళు కూడా అదే దాంట్లో నేనే తగిలించాను, ఓనర్ దొరకలేదు, నా ఫోన్ నంబర్ ఇది అని పెట్టుకోగలగాలి, ఎందుకంటే ఇవాళ నిజాయితీగా చెప్దాం అనుకున్నవాడు కూడా అర్ధరాత్రి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాలంటే భయపడతాడు, బెంచీ మీద కూర్చోబెడతారేమో అని.

నంబర్ దొరికిన తర్వాత పని కష్టమేం కాదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఓనర్ పేరు మధ్యలో చుక్కలతో వస్తుంది, మనలాంటి వాళ్ళకి అంతే చాలు, ఇన్సూరెన్స్ ఎవరిది, ఎప్పటిదాకా ఉంది అనేది కూడా వస్తుంది. పూర్తి వివరాలు పోలీసుల దగ్గర ఉంటాయి. 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే ఆ టైమ్‌లో బండి ఎవరు నడిపారో ఓనర్ చెప్పి తీరాలి, మా బావమరిది తీసుకుపోయాడు, నాకు తెలీదు అంటే కుదరదు. హెల్మెట్ పెట్టుకోలేదని ఫొటో తీసి ఇంటికి చలాన్ పంపే సిస్టమ్‌కి, అదే ఇంటికి "మీ బండి ఫలానా రోజు ఫలానా చోట వేరే బండికి తగిలింది, 134 కింద వివరణ ఇవ్వండి" అని ఒక మెసేజ్ పంపడం ఎంత పని? సగం మంది ఆ మెసేజ్ చూసే ఫోన్ చేసి సెటిల్ చేసుకుంటారు.

ఫుటేజ్ విషయంలో కూడా కొత్త చట్టాలేం అక్కర్లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం ఎక్కువగా గుమిగూడే చోట్ల, ఒకేసారి వంద మంది వచ్చే వీలున్న చోట్ల, సీసీ కెమెరాలు పెట్టాలి, ఫుటేజ్ 30 రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఫంక్షన్ హాళ్ళకి వచ్చేది వందలు కాదు, వేలు. పోలీసులు "నేను సైతం" అని ఒక కార్యక్రమం పెట్టి కాలనీ అసోసియేషన్ల చేత, షాపుల చేత ఎన్ని కెమెరాలు పెట్టించారు, మేము కూడా చందాలు ఇచ్చాం, మా సందు మొదట్లో ఉన్న స్తంభం మీది కెమెరా మా డబ్బులతో పెట్టిందే. 2022 ఆగస్టులో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టి ఓపెన్ చేశారు, గొప్ప బిల్డింగ్, నేను కాదనను. చందా ఇచ్చినవాళ్ళ కారు గుద్దితే ఆ కెమెరా ఫుటేజ్ అడగడానికి ఒక పద్ధతి కూడా ఉండాలి కదా. 30 రోజులు దాటితే చెరిగిపోతుంది కాబట్టి, కంప్లైంట్ పెట్టిన వెంటనే కనీసం ఆ గంట ఫుటేజ్ తీసి పక్కన పెట్టమని ఆ హాలుకో షాపుకో ఒక మెసేజ్ పోతే బాగుంటుంది, విచారణ తర్వాత నిదానంగా చేసుకోవచ్చు.

వాలే పార్కింగ్ గురించి కూడా ఒక మాట. కారు పెట్టి రమ్మని తాళాలు హోటల్ వాళ్ళ చేతికి ఇస్తాం, చీటీ వెనకాల "ఓనర్ రిస్క్ మీద" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, కారు సొట్టతో వస్తే ఆ చీటీ చూపిస్తారు. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీలో ఒక హోటల్ వాలే నుంచి కారు దొంగతనం అయిన కేసులో, ఓనర్ రిస్క్ అని రాసుకుని హోటల్ తప్పించుకోవడానికి లేదు, నిర్లక్ష్యం జరగలేదని వాళ్ళే చూపించాలి అంది. అది దొంగతనం కేసే, సొట్టకి అట్లాగే వర్తిస్తుందని నేను తీర్పు చెప్పలేను, కానీ చీటీ చూపించగానే నోరు మూసుకుని వచ్చెయ్యక్కర్లేదు.

మీ రిపోర్టర్ ఎవరైనా ట్రాఫిక్ పోలీసు ఆఫీసర్లని కలిసి, 134వ సెక్షన్ కింద గుద్దినవాళ్ళే వచ్చి చెప్పిన కేసులు పోయిన ఏడాది మన సిటీ పోలీసు కమిషనరేట్లలో ఎన్ని ఉన్నాయి, 187 కింద ఎంతమందికి ఫైన్ పడింది, ఆపి ఉన్న బండి డ్యామేజ్ అయితే ఏ స్టేషన్‌కి పోవాలి, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కా లా అండ్ ఆర్డర్‌కా, అక్కడ ఏ కాగితం అడిగి తీసుకోవాలి, అది ఇన్సూరెన్స్ వాళ్ళు తీసుకుంటారా తీసుకోరా అని అడిగి, వచ్చిన సమాధానాలు ఉన్నదున్నట్టు మీ సిటీ పేజీలో ఒక మూల వేస్తే మాలాంటి వాళ్ళకి చాలా ఉపయోగం. పెళ్ళిళ్ళ సీజన్ మొదలవ్వకముందే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హైదరాబాద్